కిరసనాయిలు వాసన

పొట్లం విప్పగానే ముందు వాసన వచ్చింది. అచ్చు సిరా, కిరసనాయిలు, ఆ రెండిటి కింద ఎక్కడో సీసం. సీసానికి వాసన ఉండదని అందరూ అంటారు. నాకు వస్తుంది, ఏం చేయను.

చుట్టిన కాగితం పాత గ్యాలీ ప్రూఫు, అచ్చుకి ముందు తప్పులు దిద్దడానికి తీసేది. రంగు మారి, మడతల దగ్గర చిట్లిపోయింది. అంచున ఎర్ర సిరా గుర్తులు నావే. ఒక 'ధ'ని కొట్టేసి పక్కన 'థ' రాశాను. పొట్టలో చుక్క కాస్త కసిగానే పెట్టినట్టున్నాను, కాగితం అవతలికి దిగింది. లోపల కంపోజింగ్ స్టిక్కు ఉంది. సీసం అక్షరాలు లైనుగా పేర్చుకోవడానికి, అరచేతిలో ఇమిడే చిన్న ఇనుప తట్ట లాంటిది. మూడు పక్కలా అంచు, లైను పొడవుకి తగ్గట్టు జరిపి బిగించుకునే మర. నేను ప్రూఫులు దిద్దిన ప్రెస్సులో మా ఫోర్‌మన్ గారి ఎడమ బొటనవేలు ఆనే చోటు అరిగిపోయి నున్నగా మెరుస్తోంది.

ఆయన పోయారని మెసేజ్ వచ్చిన రోజు నేను ఏడవలేదు. ఆ రోజు చేయాల్సిన పనులన్నీ వరుసగా చేశాను. చెల్లెలు ఫోన్ చేసి "అక్కా, బానే ఉన్నావా?" అంటే "ఇంకా తెలీదు" అన్నాను. నిజంగానే తెలీదు. ఏదైనా జరిగితే నాకెలా ఉందో నాకు అర్థమవడానికి రోజులు పడుతుంది, ఒక్కోసారి నెలలు. దీనికి అలెక్సిథైమియా అని పేరుంది. పీటర్ సిఫ్నియోస్ అనే మానసిక వైద్యుడు 1970ల్లో పెట్టాడు. ఆటిజం ఉన్నవాళ్ళలో చాలామందికి ఉంటుంది, అందరికీ ఉండదు. ఈ పేరు మా ఇంటిదాకా రాని రోజుల్లో రాతిగుండె అనేవాళ్ళు.

పొట్లం విప్పి మూడు రోజులైంది. ఇప్పుడిప్పుడే లోపల ఏదో కదులుతోంది. అది పూర్తిగా కదిలేలోపు రాసేద్దామని కూర్చున్నాను.

*

చిన్నప్పటి సంగతి ఏది తలుచుకున్నా నాకు మనుషుల కంటే ముందు చప్పుళ్ళు గుర్తొస్తాయి. పలక మీద బలపం కీచుమనడం. క్లాసులో ఫ్యాను మూడు చుట్లకోసారి టక్కుమనేది. ఎప్పుడైనా నాలుగో చుట్టు దాకా టక్కు రాకపోతే పాఠం వదిలేసి దానికోసం ఎదురుచూసేదాన్ని. ఇక బడి గంట. అటెండరు సుత్తి పట్టుకుని గది లోంచి బయల్దేరడం నా కిటికీలోంచి కనబడేది. గంట మోగేలోపు చెవులు మూసుకునేదాన్ని. నేను చెవులు మూసుకున్నానంటే పీరియడ్ అయిపోయినట్టేనని క్లాసంతటికీ తెలిసిపోయింది. నన్ను చూసి పుస్తకాలు సర్దుకునేవాళ్ళు. బడిలో నేను పదిమందికీ పనికొచ్చింది అదొక్క విషయంలోనే.

మాటలు నాకు ఆలస్యంగా రాలేదు. వచ్చినవే తేడాగా వచ్చాయి. రేడియోలో వార్తలు చదివేవాళ్ళ మాట నాకు ఇష్టం. గొంతులో ఎత్తుపల్లాలు ఉండేవి కావు, మొదలుపెట్టిన వాక్యం పూర్తయ్యేది, మధ్యలో ఎవరూ అడ్డొచ్చేవాళ్ళు కాదు. ఆ భాషే పట్టుకున్నాను. "అమ్మా, జలుబు కొనసాగుతున్నది" అనేదాన్నట. నేను ఆటలోకి రాగానే పిల్లలు "వార్తలు ఇంతటితో సమాప్తం" అని అరిచి పారిపోయేవాళ్ళు. వాళ్ళు నన్ను వెక్కిరిస్తున్నారని తెలియడానికి ఏడాది పట్టింది. అప్పటిదాకా అదీ ఆటలో భాగమనుకుని నేనూ పరిగెత్తాను.

"నీకు చెప్పడం గోడకి చెప్పినట్టుంది" అని అమ్మ విసుక్కుంటే, ఆ మధ్యాహ్నం గోడకి చెప్పి చూశాను. అమ్మ పోలిక బాగానే కుదిరింది. గోడ ఏమీ అనలేదు.

అన్నిటికంటే నన్ను ఏడిపించిన మాట 'వస్తాను'. ఇంటికొచ్చినవాళ్ళు లేచి, చెప్పులేసుకుని, గుమ్మం దాటుతూ "వస్తాం" అనేవాళ్ళు. వెళ్ళిపోతూ వస్తామనడం ఏమిటి? మేనత్త అలా అని వెళ్ళిన రోజు గుమ్మంలో కూర్చున్నాను. చీకటి పడింది. "ఎవరికోసమే అక్కడ?" అని అమ్మ అడిగితే "అత్త వస్తానంది" అన్నాను. ఇల్లంతా నవ్వింది. అత్త ఎప్పుడొస్తుందో మాత్రం ఎవరూ చెప్పలేదు.

కళ్ళలోకి చూసి మాట్లాడమనేవాళ్ళు. కళ్ళలోకి చూస్తే నాకు మాట వినబడదు, మాట వింటుంటే కళ్ళలోకి చూడలేను. రెండూ ఒకేసారి ఇంతమంది ఎలా చేస్తున్నారో ఇప్పటికీ ఆశ్చర్యమే. పదేళ్ళప్పుడు ఒక ఉపాయం కనిపెట్టాను. కనుబొమల మధ్య చూస్తే అవతలివాళ్ళకి తేడా తెలీదు. ఇలాంటి ఉపాయాలు ఒక్కొక్కటీ పోగేసుకుంటూ పోయాను. ఎదుటివాళ్ళు తల ఊపితే రెండు లెక్కపెట్టి నేనూ ఊపాలి. నవ్వు వస్తే చూసుకుని ఆపాలి, రాకపోతే తెచ్చుకోవాలి. దీన్ని ఇప్పుడు మాస్కింగ్ అంటున్నారు. అప్పట్లో మా ఇంట్లో దీన్ని "పిల్ల బాగుపడుతోంది" అన్నారు.

నవ్వే విషయంలో నాకొక సాయం ఉండేది. పక్కన కూర్చునే అమ్మాయి జోకు వచ్చినప్పుడు బెంచీ కింద కాలితో తన్నేది. ఎందుకు తంతున్నావని నేనెప్పుడూ అడగలేదు, ఆమే చెప్పలేదు. ఒకసారి ఆమె పొడుగు జడ కత్తిరించుకుని వస్తే, ఎవరో కొత్తమ్మాయి నా స్నేహితురాలి చోట కూర్చుందని టీచర్‌కి ఫిర్యాదు చేశాను. మొహాలు నాకు నిలవవు. నడక, గొంతు, చెప్పుల చప్పుడు, ఇవే గుర్తులు. ఆ ఫిర్యాదు తర్వాత కూడా ఆమె నాతో మాట్లాడటం మానలేదు, అది ఆమె మంచితనం. ఆమె బడి మారిపోయాక మాత్రం రెండేళ్ళపాటు నేను జోకులకి లేటుగా నవ్వాను.

*

ప్రెస్సులో ఉద్యోగం అనుకోకుండా దొరికింది. బంధువొకాయన ఏదో పుస్తకం అచ్చుకివ్వడానికి వెళ్తూ నన్నూ తీసుకెళ్ళాడు. పెద్దవాళ్ళు లెక్కలు మాట్లాడుకుంటున్నారు. బల్ల మీద తడి ప్రూఫు ఒకటి ఆరబెట్టి ఉంది, నేనున్న వైపు నుంచి తలకిందులుగా. "దీంట్లో ఏడు తప్పులున్నాయి" అన్నాను. నన్నెవరూ అడగలేదు. కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టుకున్న ఒక పెద్దాయన వచ్చి, ప్రూఫు తీసుకుని, వేలితో లెక్కపెట్టుకుని "ఎనిమిది" అన్నారు. నేను మళ్ళీ చూశాను. "ఏడే. ఎనిమిదోది తప్పు కాదు, టైపు అరిగింది." ఆయన లోపలికి వెళ్ళి, ఆ అక్షరాన్ని పటకారుతో తీసి, వెలుతురుకి పట్టి చూశారు. సోమవారం తొమ్మిదిన్నరకి రమ్మన్నారు.

ఆ ప్రెస్సు ఎలా ఉండేదో ఇప్పటివాళ్ళకి చెప్పడం కష్టం. గోడ పొడవునా వాలుగా కేసులు, వాటినిండా చిన్న చిన్న గడులు. ఇంగ్లీషు కేసు చూస్తే జాలేస్తుంది, గడులు అన్ని తక్కువ. తెలుగుకి గుణింతాలు, ఒత్తులు కలిపి వందల్లో ఉండేవి. కంపోజిటర్లు ఎదురుగా ఉన్న రాతప్రతి మీంచి కళ్ళు తిప్పకుండానే చేత్తో అక్షరాలు ఏరుకునేవాళ్ళు. అన్నీ తిరగేసిన అక్షరాలు. అద్దంలో చూసినట్టు చదవాలి. కంపోజ్ అయిన మ్యాటర్‌ని గ్యాలీ అనే తట్టలోకి దించి, దారంతో కట్టి, పైన సిరా పూసి, కాగితం పరిచి ఒక ప్రూఫు తీసేవాళ్ళు. అది నా బల్ల మీదకొచ్చేది. అచ్చు పూర్తయ్యాక టైపుని కిరసనాయిలుతో కడిగి, మళ్ళీ ఏ గడి అక్షరం ఆ గడిలోకి పంచేవాళ్ళు. ఆ పంచడం చూడటం నాకు ఎంత హాయో! ప్రతి అక్షరానికీ తిరిగి వెళ్ళడానికి ఒక చోటు ఉంది, ఆ చోటు ఎవరూ మార్చరు.

ట్రెడిల్ మెషీన్ మోతకి కొత్తవాళ్ళు తలలు పట్టుకునేవాళ్ళు. నాకు నిద్రొచ్చేంత సుఖంగా ఉండేది. ధన్‌చక్, ధన్‌చక్. తర్వాతి చప్పుడు ఎప్పుడొస్తుందో తెలిసిపోతే అది నన్నేమీ చేయదు. అదే పక్కగదిలో ఇద్దరు గుసగుసలాడుకుంటే పేజీ ముందుకి కదిలేది కాదు. ఇది విని నవ్వినవాళ్ళున్నారు. "రైలు మోత పడుతుంది కానీ మనుషులు పడరా?" అని. ఏమని చెప్తాం.

మెషీన్ ఆన్ చేసేముందు ఫోర్‌మన్ గారు నా బల్ల మీద వేలితో రెండుసార్లు కొట్టేవారు. నేను మొదటివారంలో ఉలిక్కిపడి సిరా బుడ్డి ఒలకబోసినప్పటి నుంచి మొదలైంది ఆ అలవాటు. ఆయన దాని గురించి ఒక్క మాట మాట్లాడలేదు.

ట్యూబ్‌లైటు సంగతీ అంతే. ప్రూఫు గదిలో ఒకటే ట్యూబ్‌లైటు. చోకు సన్నగా రొద పెట్టేది, వెలుగు రెపరెపలాడేది. సాయంత్రానికి కణతలు పగిలిపోయేవి. రెపరెపలాడుతోందంటే చూడ్డానికి ఒక్కొక్కరే వచ్చి "బానే ఉందిగా" అని వెళ్ళిపోయేవాళ్ళు. నా పిచ్చే అనుకున్నాను. చాలా ఏళ్ళకి చదివాను: సెకనుకి 50 ఆవృత్తుల కరెంటు మీద, పాతకాలపు చోకుతో వెలిగే ట్యూబ్‌లైటు సెకనుకి 100 సార్లు నిజంగానే మినుకుమంటుంది. చాలామంది కళ్ళు దాన్ని కలిపేసుకుని ఒకే వెలుగుగా చూస్తాయి. ఎలక్ట్రానిక్ చోకులొచ్చాక ఆ వేగం సెకనుకి 20 వేలు దాటిపోయి గొడవ వదిలింది. ఫోర్‌మన్ గారికి ఇవేవీ తెలియవు. స్టూలెక్కి ట్యూబు తీసేసి మామూలు బల్బు పెట్టారు. "నాకేం కనబడట్లేదు. నీకు కనబడుతోందిగా" అన్నారు, దిగుతూ.

*

మధ్యాహ్నం గంటసేపు విరామం. పనిలో ఎనిమిది గంటలు ఒక ఎత్తు, ఆ గంట ఒక ఎత్తు. అందరూ గుండ్రంగా కూర్చునేవాళ్ళు. ఒకరి మాట పూర్తవకముందే ఇంకొకరు అందుకుంటారు. మధ్యలో ఎక్కడో సన్నని సందు వస్తుంది, అక్కడ మనం దూరాలి. నేను దూరేసరికి విషయం మారిపోయేది. రెండు మాటల ముందటి సంగతికి జవాబు ఇప్పుడిచ్చేదాన్ని. కొన్నాళ్ళకి కాగితం రీముల వెనక చోటు చూసుకున్నాను. దాంతో "పొగరు" అన్నారు. పొగరు అనే మాట నా జీవితంలో ఎన్నిసార్లు విన్నానో, బహుశా నా పేరు తర్వాత అదే.

ఒకరోజు ఒక కవిగారు ప్రూఫులు చూసుకోవడానికి వచ్చారు. "ఎలా ఉన్నాయమ్మా కవితలు?" అన్నారు. "'వెన్నెల' 14 సార్లు వచ్చింది, అందులో మూడుసార్లు అమావాస్య నాడు" అన్నాను. ఆయన ముఖం ఎలా మారిందో నేను చూడలేదు, కనుబొమల మధ్య చూస్తున్నాను కదా. ఓనర్ పిలిచి కేకలేశారు. అడిగితే చెప్పాను, చెప్పింది నిజం, మరి తప్పెక్కడుంది? రీముల వెనక కూర్చుని ఇదే తిప్పి తిప్పి ఆలోచిస్తుంటే ఫోర్‌మన్ గారు వచ్చారు. సముదాయించలేదు. ప్రూఫు దిద్దినట్టే దిద్దారు. "తప్పులేమున్నాయి అని అడిగితే తప్పులు చెప్పు. ఎలా ఉంది అని అడిగినవాడు తప్పులు అడగట్లేదు."

"మరేం అడుగుతున్నాడు?"

ఆయన కాసేపు ఆలోచించారు. "బాగుందని విందామని వచ్చాడు. నీకు నచ్చిన ఒక్క లైను చూసుకుని, ఆ లైను బాగుందని చెప్పు. అబద్ధమాడక్కర్లేదు."

నాకు అంతవరకూ ఎవరూ ఇలా చెప్పలేదు. "మనుషుల్లో కలువు", "కాస్త లోకజ్ఞానం నేర్చుకో" అనేవాళ్ళు. కలవడం ఎలాగో, ఆ జ్ఞానం ఎక్కడుందో చెప్పేవాళ్ళు కాదు. ఆ సాయంత్రం ఒక చిన్న నోటుపుస్తకం కొన్నాను. ఫోర్‌మన్ గారు చెప్పినవి అందులో రాసుకునేదాన్ని. అది ఇప్పటికీ ఉంది. 'ఎలా ఉన్నారు అంటే బాగున్నాను, మీరు అనాలి. ఆరోగ్యం వివరాలు వద్దు, రెండోసారి అడిగితే తప్ప.' 'ఎవరైనా గడియారం చూస్తే మాట ఆపాలి.' 'ఫోన్ చేసేముందు మొదటి మూడు వాక్యాలు కాగితం మీద రాసుకో.' ఈ చివరిది నేను ఇప్పటికీ చేస్తాను. ల్యాండ్‌లైన్ రోజుల్లో అయితే నాలుగో వాక్యానికి అవతలివాళ్ళు నేననుకోనిది ఏదైనా అంటే ఫోన్ పెట్టేసేదాన్ని. లైన్లు తరచూ కట్ అయ్యే కాలం కాబట్టి ఎవరూ అనుమానించలేదు. ఇప్పుడా సదుపాయం లేదు.

*

ప్రెస్సు వార్షికోత్సవం ఒకటి జరిగింది. మైకు, కెమెరా ఫ్లాషులు, కొత్త బట్టల గరగర, ఒకేసారి పాతికమంది మాటలు. ఎవరో ఆప్యాయంగా వెనక నుంచి భుజం మీద చెయ్యి వేశారు. అక్కడితో నాకు మాట పోయింది. ఇది చాలామందికి తెలియదు. కోపమొచ్చి మాట్లాడకపోవడం వేరు. అప్పుడు మాటలు లోపల ఉంటాయి, మనమే బయటికి రానివ్వం. ఇక్కడ మాటలే ఉండవు, కేసులో గడులన్నీ ఖాళీ. షట్‌డౌన్ అంటారు. ఏడుపో అరుపో అయి బయటికి తన్నుకొస్తే మెల్ట్‌డౌన్. నాకు రెండూ వచ్చాయి, చిన్నప్పుడు రెండోది ఎక్కువ, పెద్దయ్యాక మొదటిది.

ప్రూఫు గదిలోకి వెళ్ళి బల్ల కింద కూర్చున్నాను. రీము కాగితం ఒకటి ఒళ్ళోకి లాక్కున్నాను. ఆ బరువు తొడల మీద ఉంటే ఒళ్ళు నాదేనని తెలుస్తుంది. (టెంపుల్ గ్రాండిన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త పద్దెనిమిదేళ్ళప్పుడు, పశువుల్ని కదలకుండా పట్టి ఉంచే చట్రం చూసి, అలాంటిదే తనకోసం ఒకటి తయారుచేసుకుందట. అది చదివినప్పుడు నాకు నా రీము గుర్తొచ్చింది.) తలుపు కాస్త తెరుచుకుంది. ఫోర్‌మన్ గారి చెప్పుల చప్పుడు. నన్ను చూశారు. లైటు ఆర్పేసి తలుపు దగ్గరగా వేశారు. బయట ఎవరో ఓనర్ గారు నన్ను పిలుస్తున్నారంటే ఆయన గొంతు వినబడింది: "లోపల ఫారాలు ఆరబెట్టాం. తలుపు తీస్తే గాలికి చెదురుతాయి."

లోపల ఒక్క ఫారం కూడా లేదు. ఆయన అబద్ధమాడటం నేను విన్నది అదొక్కసారే.

రోజూ సాయంత్రం ఆయన నాకంటే ముందు వెళ్ళేవారు. మొదట్లో అందరికీ చెప్పినట్టే నాకూ "వస్తానమ్మా" అని చెప్పారు. నేను తల ఎత్తకుండా "ఎన్నింటికి?" అన్నాను. ఆయన గుమ్మంలో ఆగిపోయారు. చాలాసేపే ఆగినట్టున్నారు, ఆ లోపల నేను రెండు లైన్లు దిద్దాను. మర్నాటి నుంచి నాకు మాత్రం వేరేగా చెప్పేవారు. "వెళ్తున్నా. రేపు తొమ్మిదిన్నరకి వస్తా." ఇన్నేళ్ళలో ఆ రెండు వాక్యాలు మారలేదు. శనివారాలు "రేపు" బదులు "సోమవారం".

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. డీటీపీ. టైపుని గోతాల్లో పోసి తూకానికి అమ్మేశారు. గడుల్లోకి కూడా పంచలేదు, అలాగే గంపగుత్తగా పోశారు, 'క'లూ 'ష'లూ ఒత్తులూ అన్నీ కలిపి. నేను చూడలేక రీముల వెనక్కి వెళ్ళాను, అక్కడ రీములూ లేవు. ఫోర్‌మన్ గారు ఆ నెలాఖరుకి మానేశారు. చివరి సాయంత్రం నా బల్ల దగ్గరికొచ్చి "వెళ్తున్నా" అన్నారు. నేను రెండో వాక్యం కోసం చూశాను.

*

ఆ తర్వాతి ఇరవయ్యేళ్ళ గురించి పెద్దగా చెప్పను. పొడుగాటి హాళ్ళు, అందరూ కలిసి కూర్చునే బల్లలు, టీమ్, మీటింగులు. తప్పులు పట్టడంలో నాకు పేరొచ్చింది. పదోన్నతి ఇస్తే మనుషుల్ని చూసుకోవాల్సి వచ్చింది, ఏడు నెలల్లో తిరిగిచ్చేశాను. రోజంతా ముఖం సరిగ్గా పెట్టుకుని ఇంటికొచ్చాక గంటసేపు చీకట్లో పడుకునేదాన్ని. తర్వాత రెండు గంటలు. తర్వాత సెలవురోజులు కూడా. యాభయ్యో ఏట ఒక ఉదయం మంచం మీంచి లేవలేకపోయాను. డిప్రెషన్ అన్నారు, మందులిచ్చారు. అసలు సంగతి ఆటిజం అని యాభై ఒకటో ఏట ఒక సైకాలజిస్టు కనిపెట్టారు.

ఆవిడ ఇచ్చిన కాగితాల్లో 2001లో కేంబ్రిడ్జివాళ్ళు తయారుచేసిన ప్రశ్నావళి ఒకటి, 50 వాక్యాలు. ఇతరులు గమనించని చిన్న చప్పుళ్ళు మీకు వినబడతాయా, పార్టీకి వెళ్తారా లైబ్రరీకా, ఆ ధోరణి. ఏ పార్టీ, అక్కడ ఎంతమంది, లైబ్రరీలో ఏ పుస్తకాలు, ఇవేవీ లేకుండా ఎలా జవాబిస్తాం? దానికి తోడు తర్జుమాలో రెండు అచ్చుతప్పులు. చెయ్యి ఊరుకోలేదు. అంచున గుర్తులు పెట్టి దిద్ది ఇచ్చాను. ఆవిడ కాగితం తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, తన ఫైల్లో ఏదో రాసుకున్నారు.

పేరు తెలిశాక నాకిష్టమైన పద్ధతిలో దాని మీద పడ్డాను. ఆరు నెలలు వేరే ఏదీ చదవలేదు. ఆటిజం అనే మాట 1911లో స్విస్ వైద్యుడు బ్లూయిలర్ ఇంకో జబ్బు లక్షణానికి వాడాడు. 1926లో సుఖరేవా అనే సోవియట్ వైద్యురాలు ఆరుగురు మగపిల్లల గురించి ఒక జర్మన్ పత్రికలో రాసింది, ఇప్పుడు చదివితే ఎదురింటి పిల్లల గురించి రాసినట్టుంటుంది. ఆమెను దాదాపు మర్చిపోయారు. 1943లో లియో కానర్ 11 మంది పిల్లల గురించి రాశాడు, 8 మంది మగ, ముగ్గురు ఆడ. ఆ ముగ్గురి దగ్గర నేను చాలాసేపు ఆగాను. 1981లో లోర్నా వింగ్ అనే బ్రిటిష్ వైద్యురాలు ఆస్పర్గర్ అనే ఆస్ట్రియన్ వైద్యుడి పాత పరిశోధనను వెలికితీసి ఇంగ్లీషులో రాసేదాకా, మాటలొచ్చి చదువొచ్చిన నాలాంటివాళ్ళు లెక్కలోకే రాలేదు. చప్పుడు, వెలుతురు, బట్టల గరగర ఇవన్నీ అమెరికన్ నిర్ధారణ గ్రంథంలో లక్షణాల కిందికి ఎక్కింది 2013లో. అప్పటికి మా ట్యూబ్‌లైటు తీసేసి ఎన్నేళ్ళో.

అమ్మకి చెప్పాను. చాలాసేపు చేతులు చూసుకుంటూ కూర్చుని "నా పెంపకం వల్లా?" అంది. నాకు తెలిసిన విషయం! మొదలుపెట్టాను. తల్లుల మనసులో వెచ్చదనం లేకే పిల్లలు ఇలా అవుతారని 1950లు, 60ల్లో పెద్ద పెద్ద వైద్యులే అన్నారని, 1964లో రిమ్లాండ్ అనే సైకాలజిస్టు దాన్ని కాదన్నాడని, 1977లో ఫోల్‌స్టైన్, రట్టర్ అనే పరిశోధకులు 21 కవల జంటల్ని పరిశీలించి ఇందులో వంశపారంపర్యం పాలు ఎక్కువని చూపారని, టీకాలకీ దీనికీ ముడిపెట్టి 1998లో ఒక వైద్య పత్రికలో వచ్చిన వ్యాసాన్ని ఆ పత్రికే 2010లో వెనక్కి తీసుకుందని. అమ్మ కళ్ళు తుడుచుకుంటోంది. చెల్లెలు నా చెయ్యి పట్టుకుని చెవిలో "అక్కా, కాదు అని చెప్పు చాలు" అంది.

అడిగినవాళ్ళు ఏం అడుగుతున్నారో చూసుకో. నోటుపుస్తకంలో మొదటి పేజీలోనే ఉంది. "కాదమ్మా" అన్నాను.

డేమియన్ మిల్టన్ అనే పరిశోధకుడు, ఆయనకీ ఆటిజం ఉంది, 2012లో ఒక మాట రాశాడు. మాలాంటివాళ్ళకి ఎదుటివాళ్ళు అర్థం కారన్నది సగమేనని, ఎదుటివాళ్ళకీ మేం అంతే అర్థం కామని. ద్విముఖ సహానుభూతి సమస్య అని దానికి పెద్ద పేరు. నాకు స్టూలెక్కి ట్యూబు తీస్తున్న మనిషి కనబడ్డాడు.

*

ఫోర్‌మన్ గారింటికి వెళ్ళడానికి నాకు ఐదు వారాలు పట్టింది. పరామర్శకి అందరూ వెళ్ళే రోజుల్లో వెళ్ళలేకపోయాను. జనం తగ్గాక వెళ్దామనుకున్నాను. చెప్పాల్సిన మూడు వాక్యాలు కాగితం మీద రాసుకున్నాను, దారంతా వల్లె వేశాను. తలుపు తీసిన ఆయన భార్యని, పిన్నిగారిని చూడగానే మూడూ పోయాయి.

"ఆయన నాకోసం ట్యూబ్‌లైటు తీసేశారు" అన్నాను.

ఏం అంటున్నానో నాకే తెలీలేదు. పిన్నిగారు కాసేపు నన్ను చూసి, "ఏడు తప్పుల అమ్మాయివా?" అన్నారు.

లోపల కూర్చోబెట్టారు. ఎక్కువ మాట్లాడలేదు ఇద్దరం. ఆ ఇంట్లో నిశ్శబ్దం ఇబ్బందిగా లేదు, గోడ గడియారం ఒకటే టిక్కుమంటోంది, సమానంగా. కాసేపటికి ఆవిడ లేచి బీరువాలోంచి పొట్లం తెచ్చారు. "నీకివ్వమన్నారు. పేరు చెప్పలేదు. ఏడు తప్పుల అమ్మాయి వస్తుంది, కాస్త ఆలస్యంగా వస్తుంది, అప్పుడివ్వు అన్నారు."

గుమ్మం దగ్గర చెప్పులేసుకుని "వెళ్తున్నానండీ" అన్నాను.

పిన్నిగారు తలుపు పట్టుకుని నిలబడిపోయారు. "ఆయనా అంతే. పెళ్ళైన కొత్తలోనే చెప్పాను, అదేం మాట, వస్తానని చెప్పండి అని. బయట అందరికీ అలాగే చెప్పేవారు, వింటే నేర్చుకున్న పాఠం అప్పజెప్పినట్టుండేది. ఇంట్లో మాత్రం ఎప్పుడూ 'వెళ్తున్నా, ఇన్నింటికి వస్తా', అంతే. పోట్లాడి పోట్లాడి వదిలేశాను."

ఆయన్ని నేను ఏ పేరుతోనూ పిలవను. పోయినవాళ్ళకి ప్రశ్నావళులు ఇవ్వకూడదు. కానీ ఆ సాయంత్రం గుమ్మంలో ఆయన ఆగిపోయినంతసేపు నేను తల ఎత్తకుండా రెండు లైన్లు దిద్దాను కదా, ఇన్నాళ్ళకి తల ఎత్తి చూడాలనిపిస్తోంది.

"మళ్ళీ ఎప్పుడొస్తావమ్మా?" అన్నారు పిన్నిగారు.

"వచ్చే నెల రెండో ఆదివారం. పదింటికి."

ఆవిడ రాసుకోవడానికి క్యాలెండర్ దగ్గరికి వెళ్ళారు.